రాజుగారి మెడ బిగిసిందా?

చెప్పండి, పొద్దున అద్దంలో ఏం చూశారు? పక్కింటివాళ్ళు అన్నది వద్దు. అంగట్లో డబ్బా మీద రాసి ఉన్నది అసలే వద్దు. మీ కళ్ళతో మీరు చూసింది చెప్పండి. నోరు పెగలడం లేదు కదా! చూసింది చూసినట్టు చెప్పడం అంత తేలికైతే, కోనగిరి రాజ్యంలో పోలయ్య అనే ముసలివాడు చెరసాలలో కూర్చునేవాడే కాదు.

ఆ కోనగిరిని ఏలినవాడు రణధీరభూపతి. యుద్ధాలు పెద్దగా చేసింది లేదు గానీ, చేసినవాడిలా నిలబడటం మాత్రం బాగా తెలుసు. ఛాతీ ముందుకు, గడ్డం పైకి. ఆ కొలువులో తాతలనాటి ఆచారం ఒకటుండేది. రాజుగారి ప్రతిబింబం రాజుగారి కిరీటం కంటే దిగువన ఉండకూడదట. అందుకని అద్దం పట్టేవాడు ఎత్తుపీట ఎక్కి, అద్దాన్ని తన తల మీదుగా పైకెత్తి పట్టుకునేవాడు. రాజుగారు మెడ సాచి పైకి చూసుకునేవారు. ఇదెందుకని ఎవరూ అడగలేదు. అడిగితే కిందికి దిగేది అద్దం కాదు, అడిగినవాడే!

ఒక శనివారం తలంటి పోసుకుంటూ రాజుగారు తల వంచారు. ఎదురుగా గంగాళం నిండా తేటనీళ్ళు. అందులో కనబడింది. గడ్డం కింద చర్మం జారి, ముడతలు ముడతలుగా, ముసలెద్దు గంగడోలులా వేలాడుతోంది. రాజుగారి గుండె గుభేలుమంది. కొన్నాళ్ళు కొలువే తీరలేదు. చలి లేకపోయినా మెడకు పట్టుశాలువా చుట్టుకుని తిరిగారు.

ఆ సంగతి ఎలా పొక్కిందో, చిదంబరభట్టు అనే వైద్యపండితుడు వెండిగిన్నె పట్టుకుని దిగబడ్డాడు. గిన్నెలో ముత్యాల భస్మం, కుంకుమపువ్వు, చందనం కలిపి నూరిన మీగడ లేపనం. 

"మహాప్రభూ! ఇది రాస్తే జారిన మెడ ఎక్కుపెట్టిన వింటినారిలా బిగుస్తుంది. పథ్యం ఒక్కటే. లేపనం వాడినన్నాళ్ళూ గంగాళంలో గులాబీరేకులు పరిపించండి. మా గురువుగారు అలాగే చేయించేవారు" అన్నాడు.

అలాగే చేశారు. కొన్ని వారాలకు రాజుగారు పీట మీది అద్దంలో చూసుకున్నారు. ముడతలు లేవు! కొలువంతా ఆహా అంది. కవులు రాజుగారి కంఠాన్ని శంఖంతో పోల్చి పద్యాలు చదివారు. భట్టుకు ఆస్థాన వైద్యుడి ఆసనం దొరికింది.

ఇక పోలయ్య సంగతి. తలంటు లేని రోజుల్లో కోటగోడకు రాళ్ళు మోసి, ముప్పొద్దులా కష్టపడి బతికిన మనిషి. రాజుగారు పసివాడుగా ఉన్నప్పటినుంచి తలంటి పోస్తున్నది అతనే. ఒకనాడు రాజుగారు మంచి హుషారులో ఉండి, "ఏరా పోలా, నా మెడ ఎలా ఉంది?" అని అడిగారు.

"మెత్తబడింది దొరా. ముడతలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి" అన్నాడు పోలయ్య, కుంకుడు రసం పోస్తూ.

అంతే. కళ్ళల్లో కుంకుడు రసం పడినదానికంటే ఎక్కువ మండింది రాజుగారికి. పోలయ్యను చెరలో పెట్టించారు. నిండు కొలువులో 'నేను చూసింది తప్పు' అని ఒప్పుకుంటే సరి, లేకపోతే అమావాస్య నాడు ఏరు దాటించి రాజ్యం నుంచి వెళ్ళగొట్టమన్నారు.

ఆ కొలువులో ఓబళయ్య అని ఒక మాటకారి ఉన్నాడు. కుర్రతనంలో కరువుకు ఊరు విడిచి వచ్చి, కోటగోడకు రాళ్ళు మోసి, చివరికి నాలుక పదునుతో ఆ కోటలోపలికే వచ్చినవాడు. పోలయ్య, తను ఒకప్పుడు ఒకే బండరాయిని చెరోపక్కా పట్టినవాళ్ళు. అతను చెరసాలకు పరుగెత్తాడు.

"ఏం పోలన్నా! ఆ ఒక్క మాటా అనేస్తే నీ సొమ్మేం పోతుంది?"

"అనొచ్చు ఓబళా. కానీ రేపు మళ్ళీ ఆ మెడకే కదా నూనె రాయాల్సింది? ముడత వేలికి తగిలిన ప్రతిసారీ నేనేమనుకోవాలి?"

"ఏరు దాటితే ఈ వయసులో ఎవరింట ఉంటావు?"

పోలయ్య కటకటాల ఇనుము మీది తుప్పును గోటితో గీకసాగాడు.

తిరిగి వస్తున్నంతసేపూ ఓబళయ్యకు ఒకటే ఆలోచన. పోలయ్య అబద్ధం చెప్పే మనిషి కాదు. రాజుగారు కూడా డాంబికుడే గానీ, లేని బిగువును చూశానని తనకు తానే చెప్పుకునేంత పిచ్చివాడు కాదు. ఇద్దరూ చూసిందే చెబుతున్నారు. ఒకే మెడ ఇద్దరికి రెండు రకాలుగా ఎలా కనబడుతుంది?

మర్నాడు కొలువులో ఆ మాటే అడిగాడు. రాజుగారు భగ్గుమన్నారు.

"అంటే లేపనం పనిచేయలేదంటావా? అయితే నిరూపించు. అమావాస్యే గడువు. నా మెడ మీద చెయ్యి వేయకూడదు. నిరూపించలేకపోయావో, పోలడితోపాటు నువ్వూ ఏరు దాటు!"

"పనిచేయలేదని నేనెక్కడన్నాను ప్రభూ? పనిచేస్తుందో లేదో తెలుసుకోవాలని మహా కుతూహలంగా ఉంది. పనిచేస్తే మొట్టమొదట కావలసింది నా మెడకే. చూడండి దీని అవతారం!" అని ఓబళయ్య వంగి దండం పెట్టాడు. గడ్డం కింద మూడు వరసలు వేలాడాయి. కొలువు గొల్లుమంది. 

"భట్టుగారూ, ఒక గిన్నె లేపనం దానం చేయండి" అన్నాడు లేచి.

భట్టు చిరునవ్వుతో ఇచ్చాడు.

ఓబళయ్య గిన్నె తీసుకెళ్ళి భార్య తిప్పమ్మ చేతిలో పెట్టాడు. 

"ఇదిగో, రోజూ నా మెడకు ఒకవైపు ఈ లేపనం రాయి. రెండోవైపు ఇంట్లో వెన్న రాయి. రెంటికీ ఒకటే వాసన ఉండేట్టు కాస్త చందనం కలుపు. ఏ వైపు ఏది రాస్తున్నావో నాకు మాత్రం చెప్పకు. తెలిస్తే నా కళ్ళు నాకే అబద్ధం చెబుతాయి."

తిప్పమ్మ గిన్నె వాసన చూసింది. మొగుణ్ణి ఎగాదిగా చూసింది. 

"కాటికి కాళ్ళు చాపుకున్నాక ఈ సోకులేంటండీ? ఎవరికి చూపించాలని?"

"రాజుగారికే."

"అదే నయం" అంది.

అలా సాగింది. ఓబళయ్య రోజూ మెడ తడుముకునేవాడు. రెండువైపులా నున్నగా, జిడ్డుగా, మెత్తగానే ఉంది. తేడా ఏమీ అంతుబట్టలేదు. పైకి అనలేదు గానీ, ఒక వైపైనా బిగిస్తే బాగుండునని అతనికీ ఉంది. ఎంత కష్టపడిన మెడ! ఎన్ని రాళ్ళు మోసిన మెడ!

ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని పప్పు కలుపుకుంటున్నాడు. తిప్పమ్మ వడ్డిస్తూ ఫక్కున నవ్వింది.

"ఏమిటే?"

"ఇందాక వానొస్తుందా అని ఆకాశంకేసి చూస్తుంటే మీ మెడ పెళ్ళికొడుకు మెడలా ఉంది. ఇప్పుడు విస్తరికేసి వంగారో లేదో, మళ్ళీ గంగడోలు దిగింది."

ఓబళయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తల ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"అన్నం దగ్గర ఆ తొండ వేషాలేంటండీ!" అని తిప్పమ్మ మొత్తుకుంటున్నా వినకుండా, చెయ్యి కడుక్కుని కోటలోకి పరుగెత్తి, అద్దం పట్టేవాడి ఎత్తుపీటను నాలుగువైపుల నుంచీ చూసి వచ్చాడు.

అమావాస్య వచ్చింది. కొలువు కిటకిటలాడింది. పోలయ్యను తెచ్చి ఒక పక్కన నిలబెట్టారు. ఓబళయ్య తిప్పమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. కొలువు నడిమధ్య నీళ్ళు నింపిన గంగాళం ఒకటి పెట్టించాడు.

"ప్రభూ! నా మెడకు ఒకవైపు భట్టుగారి లేపనం, రెండోవైపు మా ఇంటి వెన్న. ఏది ఎటో నాకూ తెలియదు, రాసిన మా ఆవిడకే తెలుసు. భట్టుగారు చూసి చెబితే మా బోటివాళ్ళ సందేహం తీరుతుంది."

భట్టు దగ్గరికి వచ్చాడు. అటు నొక్కాడు, ఇటు లాగాడు. కళ్ళు మూసుకుని తల పంకించాడు. 

"కుడివైపు! సందేహమే లేదు. చర్మం ఎలా బిగిసిందో చూడండి మహాప్రభూ! ఎడమవైపు పాపం, వెన్న రాసిన మెడ ఎలా ఉండాలో అలాగే ఉంది."

"అమ్మా, నిజమేనా?" అన్నారు రాజుగారు.

తిప్పమ్మ కొంగు కప్పుకుని, ఒకసారి మొగుడికేసి భయంభయంగా చూసి, "తప్పు కాయాలి ఏలినవారు. రెండువైపులా వెన్నే" అంది.

అందరికంటే ఎక్కువ బిత్తరపోయింది ఓబళయ్య.

"మరి ఆ లేపనం ఏం చేశావే?"

"అంత మంచి మీగడ మీ ముసలి మెడకు తగలెయ్యడానికి మనసొప్పలేదు. నా మడమలకు రాసుకున్నాను. ఎండాకాలం వస్తే పగిలి నెత్తురు కారేవి కదా? ఇప్పుడు చూడండి, ఎలా మెత్తబడ్డాయో!"

మొదట ఎవరు నవ్వారో తెలియదు. మంత్రులు కండువాలు నోట్లో కుక్కుకున్నారు. భట్టు మొహం కందగడ్డయింది. అయినా పండితుడు పండితుడే, తేరుకున్నాడు.

"మహాప్రభూ! అయితే ఇక్కడ పరీక్షే జరగలేదు. నా లేపనం ఇతని మెడను తాకనే లేదు. దీన్నిబట్టి లేపనం పనిచేయదని ఎలా తేలుతుంది?"

"అవును! నా మెడ సంగతేమిటి? అద్దంలో నా కళ్ళతో నేను చూసుకున్నాను" అన్నారు రాజుగారు.

ఓబళయ్య చేతులు జోడించాడు. "భట్టుగారు అన్నది నూటికి నూరుపాళ్ళు న్యాయం. నా మెడ మీద జరగలేదు. కానీ ఏలినవారి మెడ మీద జరిగింది కదా! ప్రభూ, ముడతలు మొదట ఎక్కడ చూశారు?"

"గంగాళం నీళ్ళలో."

"పోయాయని ఎక్కడ చూశారు?"

"అద్దంలో."

"అదీ సంగతి. గొడ్డు ఉన్నది కొట్టంలో. మనం మిద్దె ఎక్కి చూసి, లేదు, పోయింది అని సంబరపడుతున్నాం. కొట్టంలో ఒక్కసారి తొంగి చూస్తే పోదా?"

"పూలరేకులు! రేకులు పరవకుండా..." అని భట్టు ఏదో అనబోయాడు. రాజుగారు చెయ్యెత్తి ఆపారు. కానీ ఆయన మొహమూ బిగిసింది.

"నిండు కొలువులో నన్ను తల వంచమంటావా ఓబళయ్యా?"

"అయ్యయ్యో, మీరెందుకు వంచుతారు ప్రభూ? నేను వంచుతాను. మీరు ఊరికే చూస్తూ ఉండండి."

ఓబళయ్య గంగాళం మీదికి వంగాడు. నీళ్ళలో గంగడోలు వేలాడింది. నిటారుగా లేచి, పీట మీది అద్దంకేసి గడ్డం ఎత్తాడు. మెడ నున్నగా సాగింది. మళ్ళీ వంగాడు, వేలాడింది. ఎత్తాడు, మాయమైంది. అదే పని చేస్తూ పోయాడు.

రాజుగారు సింహాసనంలో ముందుకు జరిగారు. ఇంకాస్త జరిగారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నారు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. చివరికి లేచి నిలబడి అరిచారు: "అందరూ గోడవైపు తిరగండి! ఒక్కడు ఇటు చూసినా కళ్ళు పీకిస్తాను!"

కొలువంతా గోడకు తిరిగింది. ఓబళయ్య కూడా తిరిగాడు. గోడ మీది సున్నం పెచ్చు ఒకటి చూస్తూ చెవులు రిక్కించాడు. మెట్లు దిగుతున్న పావుకోళ్ళ చప్పుడు. ఆగింది. ఆ తర్వాత ఏమీ లేదు. పక్కన ఏరు దాటాల్సిన పోలయ్య ఊపిరి కూడా వినబడుతోంది. రాజుగారికి ఇప్పుడు కోపమొస్తే, ఇద్దరి బతుకూ అయిపోయినట్టే.

బుడుంగుమని శబ్దమైంది.

ఎవరూ తిరగలేదు. తిరిగే ధైర్యం ఎవరికుంది? ఇంతలో వెనకనుంచి నవ్వు వినబడింది. మొదట సన్నగా, తర్వాత పగలబడి. 

"తిరగండర్రా, తిరగండి! ఎన్నడూ వంచని తల కదా, కిరీటానికి పట్టు తెలియలేదు. గంగాళంలో పడింది!"

రాజుగారు బట్టతలతో, నీళ్ళు కారుతున్న మొహంతో, పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఒకసారి గంగాళంకేసి వంగుతారు, ఒకసారి అద్దంకేసి గడ్డం ఎత్తుతారు, మళ్ళీ నవ్వుతారు. 

"ఉన్నాయి! అన్నీ ఉన్నాయి! ఒక్కటీ ఎక్కడికీ పోలేదు! పోలా, ఇటు రారా. దగ్గరికి రా. ఇప్పుడు చూసి చెప్పు."

పోలయ్య వచ్చి, తన మామూలు చోటయిన రాజుగారి వీపు వెనక నిలబడి, భుజం మీదుగా తొంగి చూశాడు.

"మెత్తబడింది దొరా. ముడతలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి."

"ఆ రెండుమాటలూ నిజమే. నేను మొదటి మాట విని రెండో మాటకు మండిపడ్డాను" అన్నారు రాజుగారు. 

పోలయ్య చేతికి అక్కడికక్కడే వెండి కడియం తొడిగారు. రాబోయే శనివారం తలంటికి రమ్మన్నారు. గంగాళంలో రేకులు వేయొద్దన్నారు. ఓబళయ్యకు తన పట్టుశాలువా కప్పి, "ఇన్నాళ్ళూ ఇది నా మెడ దాచింది. ఇక నాకు అక్కర్లేదు, నువ్వు చలికి కప్పుకో" అన్నారు. భట్టును వెళ్ళగొట్టలేదు. పొలాల్లో తిరిగే ఆడవాళ్ళ మడమలకు ఆ లేపనం చేసి పంచమన్నారు, ముత్యాలు మాత్రం మానేసి. ఆ పనిలో భట్టుకు నిజంగానే పేరొచ్చింది.

కథ అయిపోయింది గానీ, నాకు కడుపుమంట తగ్గలేదు. ఎండి పగిలిన చర్మాన్ని మెత్తబరిచేదాన్ని, జారిన వయసును ఎత్తి కడుతుందని అమ్మేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ సంగతి సరే. మీ వీపు వెనక నిలబడి, మీకు కనబడనిది చూసి, ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి మీకూ ఒకరు ఉండే ఉంటారు. ఆ మనిషిని మీరేం చేశారు?