కళ్లు మూసుకుని పెట్టిన దండం

అనగనగా తూర్పు దిక్కున, మబ్బులు నేలమీదికి దిగివచ్చే ఒక కొండ. ఆ కొండకు రాజు ఒక ఎలుగుబంటి. ఆయనగారికో పట్టింపు ఉండేది. తొలకరి పడగానే ప్రజలంతా కొలువుకు వచ్చి, రాజు కళ్లలోకి సూటిగా చూసి దండం పెట్టాలి. చూపు తిప్పుకున్నవాడు ద్రోహి. వాడు కొండ దిగిపోవాల్సిందే.

ఒక ఏడు ఆ కొలువుకు ఓ మట్టిచుంచు వచ్చింది. మీరెవరూ చూసి ఉండరు లెండి, ఆ కొండవాళ్లే దాన్ని ఎరగరు. నేల కింద దారులు తవ్వుకుంటూ, వానపాములు తిని బతికే జీవి. నల్లటి మెత్తటి ఒళ్లు, పారల్లాంటి చేతులు, గోరంత తెల్లతోక. కళ్లంటారా? ఉన్నాయి గానీ చర్మం కప్పేసింది.

అది వంగి దండం పెట్టింది. మంత్రి అడవిపుంజు మెడ సాచి, "రాజుగారి కళ్లలోకి చూడవేం?" అని గద్దించాడు.

"నాకు చూపు లేదు స్వామీ. దండం మాత్రం మనసారా పెట్టాను."

"సాకులు చెప్పకు. పొద్దుగూకేలోగా కొండ దిగిపో," అన్నాడు రాజు.

"ప్రభూ, గూట్లో పసికూనలున్నాయి. ఈ వానలో వాటిని ఎక్కడికని మోసుకుపోను?"

రాజు వినలేదు. చుంచుకు ఏడుపొచ్చింది.

అంతలో కొండచరియ విరిగిపడి రాజుగారి గుహ మూసుకుపోయింది. లోపల ఆయన ఒక్కగానొక్క బిడ్డ నిద్రపోతోంది.

"నేనున్నాగా," అంటూ అడవిపంది పైనుంచి ముట్టెతో కుమ్మింది. మట్టి ఇంకాస్త జారింది. ముళ్లపంది ఓ సందులో దూరింది. పోవడం బాగానే పోయింది. దారి ఇరుకై వెనక్కి రాబోతే ముళ్లు ఎదురుతిరిగి మట్టిలో దిగబడ్డాయి. దాన్ని కాళ్లు పట్టి ఈడ్చేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

రాజు కూలబడి ఏడ్చాడు.

"నేను వెళ్తాను ప్రభూ," అంది చుంచు.

"గుడ్డిదానివి, నువ్వా?" అన్నాడు పుంజు.

"లోపలంతా చీకటే కదా స్వామీ. అక్కడ మీ కళ్లు మాత్రం ఏం చేస్తాయి?"

చుంచు మట్టిలోకి దూరింది. నేలకు ముక్కు ఆనించి, బిడ్డ మూలుగు ఎటుందో పసిగట్టి, అటే తవ్వుకుంటూ పోయింది. ఆ సన్నటి దారిలో వెనుదిరగడానికి చోటు లేదు. అయితే దానికేం? దాని బొచ్చు ముందుకు దువ్వినా వెనక్కి దువ్వినా ఒకేలా ఒదుగుతుంది. వెళ్లినంత సులువుగా వెనక్కి జారుతూ వచ్చేసింది.

"బిడ్డ బతికే ఉంది ప్రభూ. నా దారిలోంచి గాలి అందుతోంది. పైనుంచి తవ్వొద్దు, ఈ కింది పక్కనుంచి తవ్వండి. ఇక్కడ పైన అడ్డంగా బండ ఉంది, మట్టి జారదు."

రాజే తవ్వాడు. కాసేపటికి బిడ్డ ఒళ్లంతా మట్టితో, తుమ్ముకుంటూ బయటికొచ్చింది. కొండంతా కేకలే కేకలు.

రాజు చుంచు ముందు తల వంచాడు. "నీ బిడ్డల్ని వానలోకి గెంటబోయాను. నువ్వు నా బిడ్డను తెచ్చిచ్చావు," అన్నాడు. రెండు కళ్లూ గట్టిగా మూసుకుని దానికి దండం పెట్టాడు. రాజు మూశాక పుంజు ఊరుకుంటాడా? అందరికంటే ముందు తానే మూశానని చెప్పుకున్నాడు.

ఆ ఏటినుంచి ఆ కొండమీద తొలకరి దండం కళ్లు మూసుకునే పెడతారు. ముందు వరుసలో పిల్లల్ని వెంటబెట్టుకుని మన చుంచే నిలబడుతుంది.

పిల్లలూ, ఎదుటివారిలో లేనిదాన్నే వెతుకుతూ కూర్చుంటే, వారిలో ఉన్నది మనకు కనపడదు.