చేమాకు శాలువాలు

అనగనగా ఒక అడవి అంచున, వాగుకి ఇవతలి గట్టు మీద, ఒక ఏదుపంది ఉండేది. ఏదుపంది అంటే తెలుసుగా పిల్లలూ? ఒళ్ళంతా ముళ్ళు. కోపం వస్తే ఆ ముళ్ళన్నీ నిక్కబొడుచుకుంటాయి. ఈ ఏదుపంది పేరు పేరిందేవి. ఆవిడకి కోపం ఎక్కువ. శుభ్రం ఇంకా ఎక్కువ.

పేరిందేవి బొరియ ముందు ఒక తోట ఉండేది. చేమ, చిలగడదుంప, గుమ్మడి, దోస, అన్నీ వేసింది. పొద్దున లేవగానే వెనక్కి తిరిగి, తన ముళ్ళనే చీపురు చేసుకుని తోటంతా ఊడ్చేది. ఎండుటాకు కనపడితే కంచె అవతల పారేసేది. వానపాము కనపడితే "ఛీ ఛీ, పురుగు!" అని దాన్నీ పారేసేది. ఆ తరవాత ఎర్రమట్టి కలిపి, పాదుల చుట్టూ నున్నగా అలికి, పైన ముగ్గు పెట్టేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

"తోటంటే పేరిందేవిగారిదే! ఆ నేల మీద అన్నం వడ్డించుకుని తినొచ్చు" అనేవాళ్ళు.

తినొచ్చు, నిజమే. కాకపోతే వడ్డించుకోవడానికే ఏమీ ఉండేది కాదు. రెండేళ్ళుగా ఆ తోటలో చేమదుంప గోళీకాయంత ఊరేది. చిలగడదుంప చిటికెనవేలంత ఊరేది. "ఏం చేస్తాం, పాడు ఎండలు" అని పేరిందేవి నిట్టూర్చేది. నిట్టూర్చి, మళ్ళీ ఒకసారి ఊడ్చేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఆవిడ కూతురు మంగతాయికి నెలలు నిండాయి. మంగతాయి అత్తవారిల్లు కొండ అవతల. తొలి పురుడు పుట్టింట్లో పొయ్యాలి కదా? కానీ పురిటాలికి పెట్టడానికి తల్లి దగ్గర గుప్పెడు దుంపలు లేవు. చివరికి, "నువ్వు రావద్దమ్మా, ఈ ఎండల్లో ఎక్కడ నడుస్తావు, నేనే వస్తాను" అని కబురు పంపింది. వెళుతూ దారంతా ఏడ్చింది. కూతుర్ని పిలిచి ఇంత పెట్టుకోలేని తల్లి బాధ చిన్నది కాదు పిల్లలూ, దాన్ని చూసి నవ్వకూడదు.

ఆవిడ వెళ్ళిన మర్నాటి నుంచీ తోటని ఊడ్చేవాళ్ళు లేరు. ఆకులు రాలాయి. రాలినవి రాలినట్టే ఉన్నాయి. వాటి కింద నేల కాస్త చల్లబడింది. ఆ చల్లదనానికి కంచె అవతలి వానపాములు ఒక్కొక్కటీ వచ్చాయి. ఆకులు తిన్నాయి. కిందికీ పైకీ తిరిగాయి. అలుకు పగిలింది, ముగ్గు చెరిగింది, నేలంతా గుల్లయింది. సరిగ్గా అప్పుడు మృగశిర కార్తె వచ్చింది. మూడు రోజులు వాన పడింది. ఆ తోటలో పడ్డ నీళ్ళు వాగు దాకా పోనేలేదు, ఎక్కడివక్కడే ఇంకిపోయాయి.

అక్కడ కొండ అవతల మంగతాయికి కవలలు పుట్టారు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు. నెల్లాళ్ళు కాగానే పేరిందేవి ఇంటికి బయల్దేరింది.

"అమ్మా, మూడో నెల వెళ్ళగానే వీళ్ళని తీసుకుని వస్తాను. అమ్మమ్మగారి తోటలో దుంపలు తినిపించాలి వీళ్ళకి" అంది మంగతాయి.

పేరిందేవి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "రా తల్లీ, రాకపోతే ఎలా?" అని మాత్రం అంది.

వాన వెలిసిన పూట ఇల్లు చేరింది. కంచె దగ్గరకి వచ్చి ఆగిపోయింది. ఎవరింటికి వచ్చానబ్బా అనుకుంది. చేమాకులు ఏనుగుచెవులంత ఉన్నాయి, ప్రతి ఆకు నడుమా ఒక నీటిబొట్టు దొర్లుతోంది. గుమ్మడితీగ బొరియ గుమ్మం మీదికి పాకి పసుపుపచ్చ పూలు పూసింది. దోసపాదు నిండా పిందెలే. కాలు పెడితే నేల మెత్తగా దిగబడుతోంది. తడిమట్టి వాసనకి ఆవిడ కడుపు నిండిపోయింది. కంచె పట్టుకుని ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

"నా తల్లే! నా పిల్లలకి పెట్టుకోగలను" అంది.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ కృతజ్ఞత గల మనిషి, అదే, కృతజ్ఞత గల ఏదుపంది కదా! గట్టెక్కి గట్టిగా అరిచింది.

"నేను లేనప్పుడు నా తోటని ఇంత బాగు చేసింది ఎవరో చెప్పండి! వాళ్ళని నెత్తిన పెట్టుకుంటాను!"

ఇలాంటి మాట నలుగురిలో అనకూడదు పిల్లలూ. అన్నాక ఎంతసేపు? రెప్పపాటులో ముగ్గురు వచ్చేశారు.

మొదట నెమలి వచ్చింది. "నేనేనండీ పేరిందేవిగారూ. రోజూ ఈ గట్టు మీద నాట్యం చేశాను. మబ్బులు ఇటు వచ్చింది నన్ను చూడ్డానికే. కాళ్ళు ఇంకా పీకుతూనే ఉన్నాయండీ" అంది.

తరవాత బోదురుకప్ప వచ్చింది. "మబ్బులు వచ్చాయి, కాదన్నదెవరు? వచ్చినవాటిని కురవమని అడిగిందెవరు? నేను! మూడు రోజులు గొంతు చించుకున్నాను. చూడండి, ఎలా ఉబ్బిపోయిందో" అని గొంతు చూపించింది. ఆ గొంతు పుట్టినప్పటినుంచీ అలాగే ఉందనుకోండి.

మూడోది నక్క. అది తాపీగా వచ్చింది. "నేనేమీ చెయ్యలేదమ్మా. అబద్ధం ఎందుకు చెప్పాలి? రోజూ వచ్చి, తోట చుట్టూ ఒకసారి చూసి, 'ఊఁ, బాగుంది, కానివ్వండి' అని వెళ్ళేవాణ్ణి. అంతే. కానీ పైన ఒక పెద్దదిక్కు చూస్తోందన్న భయం లేకపోతే ఏ మొక్కయినా పెరుగుతుందంటారా?" అంది.

పేరిందేవి ముగ్గురికీ దణ్ణం పెట్టబోతోంది. అంతలో కాళ్ళ దగ్గర ఎండుటాకు కదిలింది. దాని కింది నుంచి ఒక వానపాము తల ఎత్తింది.

"అమ్మగారూ, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నానండీ. ఎవరూ ఏమీ చెయ్యలేదు. వాన ఎప్పటిలాగే వచ్చింది. నేల గుల్లగా ఉంది కాబట్టి లోపలికి దిగింది. మేం ఆకులు తిన్నాం, అటూ ఇటూ తిరిగాం. మీరు నెల్లాళ్ళు ఊడవలేదు. అంతేనండీ" అంది.

 ఆ మాట నిజమని పేరిందేవి కాళ్ళకి తెలుస్తూనే ఉంది, మెత్తటి నేల మీదే నిలబడి ఉంది కదా. ఒక్క క్షణం కిందికి చూసింది కూడా. కానీ ఆ నిజం ఒప్పుకుంటే, రెండేళ్ళు తోటని ఎండబెట్టింది ఎండ కాదు, తానే అని ఒప్పుకోవాలి. కూతురికి పురుడు పొయ్యలేకపోయింది తన చీపురు వల్లే అని ఒప్పుకోవాలి. అంత బరువు ఎవరు మోస్తారు?

"అంటే? నేను ఇంట్లో లేకపోబట్టి నా తోట బాగుపడిందంటావా?" అంది పేరిందేవి.

"ఎంత మాట! ఎంత మాట!" అంది కప్ప.

"కాళ్ళూ చేతులూ లేనివాడికి నోరు మాత్రం ఉంది" అంది నక్క.

పేరిందేవి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. గిర్రున వెనక్కి తిరిగి ఊడ్చింది. ఆకులు, పుల్లలు, వానపాములు, కిందపడ్డ గుమ్మడి గింజలు, తెగిన చిలగడ తీగలు, పెళ్ళగిల్లిన చేమ పిలకలు, అన్నీ కంచె అవతల పడ్డాయి. తోట మళ్ళీ అద్దంలా అయింది.

కంచె అవతల నుంచి ఒక సన్నటి గొంతు వినిపించింది. "పర్వాలేదండీ అమ్మగారూ. ఇక్కడా మట్టే కదండీ."

మర్నాడు సన్మానం. సన్మానం అంటే శాలువా ఉండాలి. పేరిందేవి చేమపాదులో అన్నిటికంటే పెద్ద ఆకులు మూడు కోసి, ముగ్గురికీ కప్పింది. అప్పుడు కప్ప, "అరిచింది నేనొక్కణ్ణే కాదండీ, మా అన్నదమ్ములు ఏడుగురు వంత పాడారు" అంది. పేరిందేవి ఏడు ఆకులు కోసింది. నక్క, "మా బావగారు ఊరి నుంచి వచ్చి మరీ చూసి వెళ్ళారు" అంది. ఇంకో ఆకు కోసింది. నెమలికి తోకకి విడిగా ఒక శాలువా కావలసి వచ్చింది. అందరికీ కప్పడం అయ్యేసరికి చేమపాదులో కాడలు మిగిలాయి. శాలువాలు మాత్రం చాలా బాగున్నాయని అందరూ అన్నారు. నక్క ఉపన్యాసం మధ్యాహ్నం దాకా సాగింది.

"ఈ ఉపకారం మరిచిపోను. మళ్ళీ వానలు పడాలి, దుంపలు బాగా ఊరాలి. మూడో నెల వెళ్ళాక నా కూతురు పిల్లలతో వస్తుంది. మీకు ఏం కావాలో అడగండి" అంది పేరిందేవి.

నెమలి తోట నడుమ నాట్యానికి అరుగు కావాలంది. చిలగడ తీగలు పీకి, నేల దిమ్మిస కొట్టి అరుగు వేయించింది. కప్ప పాదు పక్కనే కూర్చోవడానికి ఒక గుంట కావాలంది. గుమ్మడి మొదలు తవ్వి గుంట చేయించింది. నక్క తనకేమీ వద్దంది. తోటకి పెద్దగా ఉండి, దోసకాయలు ఎలా ఉన్నాయో రోజూ రుచి చూస్తే చాలంది.

ఇక చూడండి వైభవం! పేరిందేవి రోజూ ఊడుస్తోంది, అలుకుతోంది, ముగ్గు పెడుతోంది. నెమలి ఆడుతోంది, అలిసిపోతే లేత చిగుళ్ళు తింటోంది. కప్ప అరుస్తోంది. నక్క "ఊఁ, బాగుంది, కానివ్వండి" అంటోంది. వాన కూడా వచ్చింది పాపం, రాలేదని ఎలా అంటాం? వచ్చి, నున్నటి అలుకు మీద పడి, అరుగు చుట్టూ తిరిగి, ముగ్గు కడుక్కుని, తిన్నగా వాగులోకి దిగిపోయింది. మర్నాటి ఎండకి నేల బండలా బిగుసుకుంది.

"తీగలు వాడిపోతున్నాయేమిటండీ?" అని పేరిందేవి నక్కని అడిగింది.

"మొక్కలకి విశ్వాసం లేదమ్మా. మనం ఎంత చేసినా ఇంతే" అంది నక్క, దోసకాయ నములుతూ.

పిల్లలకి మూడో నెల వెళ్ళింది. ఒక పొద్దున మంగతాయి ఇద్దరు పిల్లలతో గుమ్మంలోకి వచ్చింది. కొండెక్కి దిగి వచ్చారేమో, పిల్లలు ఆకలితో నకనకలాడుతున్నారు. ఏదుపంది పిల్లలకి మాటలు త్వరగా వస్తాయి, వచ్చినా రానట్టు అవి "దుంప, దుంప" అనే అంటున్నాయి.

"ఉండండర్రా, ఇప్పుడే తవ్వి తెస్తాను" అంది పేరిందేవి. ఒక పాదు తవ్వింది. ఎలకతోకంత వేరు వచ్చింది. ఇంకో పాదు తవ్వింది. అదీ రాలేదు. మూడోది తవ్వబోతే గోరు విరిగింది.

చుట్టాల్ని చూడగానే నెమలికి కాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి, వెళ్ళిపోయింది. కప్పకి గొంతు పట్టేసింది, గుంటలో మునిగింది. నక్కకి వాళ్ళ బావగారి ఊళ్ళో ఇంకో తోట చూడవలసిన పని పడింది.

పేరిందేవి ఎలకతోకంత వేరుని చేతిలో పట్టుకుని కూర్చుంది. కూతురి మొహం చూడలేకపోయింది. "తల్లీ, నేను మళ్ళీ నిన్ను పస్తు పెట్టాను" అంది. ముళ్ళన్నీ ఒంటికి అతుక్కుపోయాయి. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు ఆడపిల్ల కనపడలేదు. "పాప ఏదీ?" అని మంగతాయి కంగారు పడింది. కంచె అవతల నుంచి కేక వినిపించింది.

"అమ్మమ్మా! నీ అసలు తోట ఇక్కడ దాచావా?"

అందరూ కంచె దాటారు. పేరిందేవి రోజూ చెత్త పారేసే చోటు అది. పారెయ్యడమే తప్ప అటు ఎన్నడూ చూడలేదు. చెత్త చూడటం ఆవిడకి అసహ్యం కదా! అక్కడ గుమ్మడితీగ పొదలా అల్లుకుపోయింది. ఒక్కో కాయ ఒక్కో పిల్లంత ఉంది. చిలగడదుంపలు నేల పగలగొట్టుకుని బయటికి తొంగిచూస్తున్నాయి. చేమాకులు మళ్ళీ ఏనుగుచెవులంత ఉన్నాయి. పాప ఒక దుంపని రెండు చేతులా పట్టుకుని అప్పటికే సగం తినేసింది.

"ఇదేంటమ్మా! ఇంత తోట ఇక్కడ పెట్టుకుని అక్కడ బండ తవ్వుతున్నావేంటి?" అంది మంగతాయి.

పేరిందేవి పిల్లలు తింటుంటే చూస్తూ నిలబడింది. ఆవిడ కాళ్ళ కింద నేల మెత్తగా దిగబడింది. ఆ నేలలోంచి వానపాము తల ఎత్తింది. పేరిందేవి ముళ్ళు అలవాటు కొద్దీ సగం లేచాయి. మళ్ళీ వాటంతట అవే పడుకున్నాయి.

"నువ్వే కదూ?" అంది పేరిందేవి.

"తిన్నాం, తిరిగామండీ. అంతే" అంది వానపాము.

పేరిందేవి కళ్ళు తుడుచుకుంది. అన్నిటికంటే పెద్ద చేమాకు వైపు చెయ్యి చాపింది.

"వద్దండీ అమ్మగారూ" అంది వానపాము. "శాలువా కప్పుకుంటే నేను మట్టిలోకి దూరలేను. ఆ ఆకుని అలా ఉండనివ్వండి. పండి రాలాక, మీరు ఊడవకపోతే, మేమే తింటాం."

పేరిందేవి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మర్నాడు పొద్దున లేచి, అలవాటుగా వెనక్కి తిరిగి, తోట మధ్యలో ఆగింది. చాలాసేపు అలా నిలబడింది. ముందు ఒక ఆకు రాలింది, తరవాత ఇంకొకటి. వాటి మీంచి జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

గుంటలోంచి బోదురుకప్ప తల బయట పెట్టింది. కంచె అవతలి గుమ్మడికాయల్ని చూసింది.

"చూశారా!" అంది. "నేను అరవబట్టే కదా!"

నీతి: పని చేసినవాడు శాలువా కోసం రాడు, వాడెవడో తెలుసుకోవాలంటే ముందు మన చేతిలో చీపురు పక్కన పెట్టాలి.