సుక్రి కట్టిన నారిల్లు

కొండలకింకా పేర్లు పెట్టని కాలం. వాగు ఎటు పారాలో తేల్చుకోని కాలం. అప్పుడొక కొండమీద ఒక ఊరు. ఆ ఊళ్లో మేకలు కాసుకునే ముసలమ్మ సుక్రి. ఊరంతా ఆమెని అక్కా అన్నట్టు 'అప్పా' అని పిలిచేది.

ఒక ఏడు చలి వచ్చింది. వచ్చిన చలి మరి వెళ్లలేదు. తెల్లారితే నేలంతా ఉప్పు చల్లినట్టు మంచు. చోడినారు, అదే రాగినారు, పోస్తే మాడిపోయింది. మళ్లీ పోస్తే మళ్లీ మాడిపోయింది. ఊరంతా కలిపి మూడు దోసిళ్ల విత్తనం మిగిలింది.

"ఇవి వండుకు తినేసి కొండ దిగిపోదాం" అన్నాడు ఊరిపెద్ద లింగేసు.

"మనం గుడిసెల్లో దాక్కున్నాం గదా లింగేసూ. నారుకీ ఓ ఇల్లు కడితే?" అంది సుక్రి.

అందరూ నవ్వారు. లింగేసు నవ్వలేదు. "కట్టు అప్పా, చూద్దాం" అన్నాడు.

సుక్రి ఎండనడిగింది: "పొద్దున్నే ఎక్కడ దిగుతావ్?" మేకలు వెచ్చగా పడుకునే బండ దగ్గర దిగింది ఎండ.

గాలినడిగింది: "ఎటునుంచి కరుస్తావ్?" గుప్పెడు బూడిద ఎగరేస్తే, వచ్చిన దారి చెప్పింది గాలి.

నీటినడిగింది: "ఎటు పోతావ్?" కుండెడు ఒంపితే పల్లం చూపింది నీరు.

అప్పుడు వాకిట్లో బూడిదతో గీసింది ఇల్లు. వెనక బండ, గాలివైపు మందపాటి గోడ, ఎండవైపు వాలు కప్పు, లోపల నీరు చేరని చోట మోకాటిలోతు గొయ్యి. ఊరంతా రాళ్లు మోసింది, మట్టి తొక్కింది.

గడ్డి కప్పి మొదటి దోసిలి పోశారు. లోపల చీకటి. నారు పసుపురంగుకి తిరిగి వాలిపోయింది.

కప్పు తీసేసి రెండో దోసిలి పోశారు. పైనుంచి మంచు దిగింది. నారు నల్లబడింది.

సుక్రి గొయ్యిలో కూలబడి ఏడ్చింది. "నా మాట విని కూడు పోగొట్టుకున్నార్రా!"

"ఇంకో దోసిలుందప్పా" అన్నాడు లింగేసు.

ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. "వెలుగు రావాలి, చలి రాకూడదు. పల్చటి బట్టకి ఇప్పనూనె పట్టించి కప్పుదాం."

లింగేసు తన తలపాగా విప్పి ఇచ్చాడు. ఆడవాళ్లు పెళ్లిబట్టలు తెచ్చారు. నూనె తాగిన బట్టలోంచి ఎండ తేనెలా లోపలికి జారింది. మూడో దోసిలి మొలిచింది. పచ్చగా నిలిచింది.

ఒక సాయంత్రం రాళ్లవాన కొట్టింది. జనమంతా గుడిసెల్లోకి ఉరికారు. మేకల్ని తోలుకొస్తున్న సుక్రికి కప్పు చిరగడం కనబడింది. భుజం మీది కంబళి తీసి చిరుగు మీద పరిచింది. గాలి లేపేసింది. మళ్లీ పరిచింది. మళ్లీ లేపేసింది. ఇక కంబళి అంచుమీద తనే కూర్చుంది.

తెల్లారి అందరూ పరుగెత్తుకొచ్చారు. "అప్పా, పొద్దెక్కింది, లే!" అని పిలిచాడు లింగేసు. సుక్రి పలకలేదు. ఒళ్లంతా తెల్లటి మంచు. చేతులు మాత్రం కంబళిని వదల్లేదు.

నారింటి తలుపు తీశారు. లోపల ఒక్క మొక్క వాడలేదు. ఆకు ఆకు కొసనా ఒక నీటిచుక్క. చలికి ఓర్చేంత ముదిరాక ఆ నారే ఊరి చేలన్నిట్లో నాటారు. ఆ ఏడు ఎవరూ కొండ దిగలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్లో నారింటి తలుపు ఊరికే తియ్యరు. ముందు బయట నిలబడి, మెల్లగా, పెద్దవాళ్లని లేపినట్టు అంటారు:

"అప్పా, పొద్దెక్కింది. నువ్వు పడుకో. ఇక మేం చూసుకుంటాం."