కాళ్ళు ఉన్నారు

"నీళ్ళొచ్చె నీళ్ళొచ్చె మా చేలోకి,
గంగమ్మ తెచ్చిందే నా కాళ్ళకీ..."

ఏం తెచ్చిందో మరి! మట్టెలో, మువ్వలో. చిన్నప్పుడు నాట్లేస్తూ పాడేవాళ్ళం. మర్చిపోయానే చిట్టీ. ఆ కాలు కాస్త నొక్కు, కథ చెప్తాను. అక్కడ కాదు, ఆ మచ్చ పక్కన.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవగట్టు మీద ఒక కాలేజీ. అందులో గదులూడ్చే ఆవిడ పేరు నూకాలు.

"నూకాలంటే నువ్వేగా అమ్మమ్మా?"

నేనే అనుకో. మధ్యలో అడ్డు రాకు, నాకు ఓపిక లేదు.

ఆ కాలేజీలో దమయంతి మేడం దేవుడి గురించీ, నీళ్ళ గురించీ పాఠం చెప్పేది. చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది. సాయంత్రాలు నూకాలు చేత అక్షరాలు దిద్దించేది. "ఈ ఏడాదితో నా ఉద్యోగం సరి. ఈలోగా ఒక్కళ్ళు మారినా చాలు నూకాలూ" అనేది.

పిల్లలేమో పరీక్షల ముందు పూజలు చేసి, వాడిన దండలూ, పగిలిన పటాలూ కవర్లో కట్టి కాలవలో వేసేవాళ్ళు. దేవుణ్ణి ఎవరూ తొక్కకూడదు కదా, అందుకని.

మొదటిరోజు మేడం పిల్లల్ని గట్టుమీద నిలబెట్టి చెప్పింది. "దేవుడు పటంలోనే ఉంటాడా? నీళ్ళలో ఉండడా?" అంది. పిల్లలు ఆవలించారు.

రెండోరోజు తనే మోకాలిలోతు దిగి కవర్లు తీసింది. "ఈత పోటీనా మేడం?" అంది లహరి అనే పిల్ల. అందరూ ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు.

మూడోరోజు నూకాలు పొద్దున్నే, ఆ కాలవ నీళ్ళు పారే దిగువ చేలో నాట్లకి వెళ్ళింది. అప్పుడు బురదలో పటం అద్దం కాల్లో కసుక్కున దిగింది. ఆ తర్వాత కాలికి గుడ్డ చుట్టుకుని, ఆ విరిగిన పటం పట్టుకుని, కుంటుకుంటూ కాలేజీకొచ్చింది. పటంలో సరస్వతి. వెనక చెక్క మీద ఎవరో పెన్నుతో గీకిన హాల్‌టికెట్ నంబరు.

మేడం ఆరోజు పాఠం చెప్పలేదు.

"ఎవరూ తొక్కని చోట వేశామన్నారు. ఈవిడ తొక్కింది" అంది. అంతే.

లహరి పటం చూసి, "నంబరు నాదే" అంది. చున్నీ నడుముకి చుట్టుకుని కాలవలో దిగింది. ఒక్కతే దిగింది. తక్కినవాళ్ళు గట్టుమీదే.

ఆ తర్వాత నూకాలు చెక్కమీద సుద్దతో రాసి గట్టుమీద పెట్టింది. "ఇక్కడ ఏమీ వెయ్యకండి. దిగువ కాళ్ళు ఉన్నారు."

పిల్లలు ఘొల్లుమన్నారు. "కాళ్ళు ఉన్నాయి అనాలి అత్తా!"

ఏం చేస్తుంది? సాయంత్రాలు మేడం దిద్దించింది "పిల్లలు ఉన్నారు" అనే. చేతికి వచ్చింది ఆ "ఉన్నారు" ఒక్కటే. నవ్వడానికి ఆగారు, ఆగి చదివారు, చదివి కొందరు కవర్లు వెనక్కి పట్టుకుపోయారు. అందరూ కాదులే.

కథ పోయె కంచికి,
నీళ్ళు పోయె చేనికి,
నువ్వూ నేనూ మంచానికి.

"మరి తప్పు దిద్దలేదా అమ్మమ్మా?"

మేడం వెళ్ళిపోయే రోజున తడిగుడ్డ పట్టుకుని ఆ చెక్క తుడవడానికి వెళ్ళానే. ఆటో ఎక్కబోతున్నదల్లా వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ ఆవిణ్ణి చూడలేదు.

"దిద్దకు నూకాలూ. ఉన్నారు."