ఖాళీ బుట్టతో బయల్దేరిన ముళ్ళపంది

అనగనగా ఒక అడవిలో వాన ఆగింది గాని వాగు ఆగలేదు. ఒడ్డున ఉన్న కుందేలు బొరియలోకి నీళ్ళు వచ్చాయి. కుందేలు పిల్లల్ని నోట కరచుకుని గుట్ట మీది బండ కిందకు చేరింది. మేతంతా బురదలో మునిగింది. తల్లికి తిండి లేదు, కాబట్టి పిల్లలకు పాలు లేవు.

సంగతి తెలిసి గట్టు మీది జంతువులన్నీ కూడాయి. ఇంటింటికీ తిరిగి తిండి పోగుచేయాలని అన్నీ ఒప్పుకున్నాయి. ఎవరు తిరుగుతారు అనేసరికి ఒకరికి నడుం నొప్పి, ఒకరింట్లో చుట్టాలు. చివరికి నూకాలు అనే ముళ్ళపంది బుట్ట మెడకు తగిలించుకుంది. మధ్యాహ్నానికల్లా తెస్తానని కుందేలుకు కబురంపి బయల్దేరింది.

మొదటి ఇల్లు ఉడుతది. ఉడుత ముందు బుట్టలోకి తొంగి చూసింది. ఆ గట్టున అది అలవాటు. ఎవరేం వేశారో చూడకుండా ఎవరూ ఏమీ వేయరు.

"ఇంకా ఎవరూ వేయలేదా అక్కా? ఎక్కువేస్తే గొప్పలకు పోయిందంటారు, తక్కువేస్తే పిసినారి అంటారు. నాలుగిళ్ళు తిరిగి రా, చూసి వేస్తాను" అంది.

రెండో ఇల్లు కోతిది. కోతి కూడా తొంగి చూశాడు. ఉడుత వదిన ఏం వేసిందని అడిగాడు. ఏమీ వేయలేదని తెలిశాక, ఆవిడ కంటే ముందు తాను వేస్తే ఆవిడకు చిన్నతనం కాదా అని తెగ బాధపడిపోయాడు. బాధపడుతూనే అరటిపండు ఒలుచుకుని తిన్నాడు.

నూకాలుకు ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. బలవంతాన అణుచుకుంది. ముళ్ళు లేపి చందా అడిగితే దాన్ని దోపిడీ అంటారు.

మూడో ఇల్లు ఎలుగుబంటిది. ఎలుగుబంటి బుట్టను వంచి మరీ చూశాడు.

"మరి నీ దుంపలేవమ్మా?"

"ఊరంతా తిరుగుతున్నది నేను కాదా మామా? నా కాళ్ళ నొప్పే నా వాటా."

"కాళ్ళ నొప్పి బుట్టలో కనబడదుగా. కనబడేదేదైనా ఉంటే నేనూ వేద్దును" అని ఆవులిస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

నూకాలు దారి పొడవునా ముగ్గుర్నీ తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. మూలన అడవిదుంపలు కుప్పగా పడి ఉన్నాయి. అవి కంటపడేసరికి తిట్లు నెమ్మదించాయి. మామ ఆ మాటన్నది ఇవ్వకుండా తప్పించుకోవడానికే. అయినా అందులో అబద్ధం లేదు. అదే ఆమెకు మరీ చిరాకు తెప్పించింది.

ఒక చిన్న దుంప తీసి బుట్టలో వేసింది. దీన్ని చూస్తే ఉడుత ఒక్క గింజ వేస్తుంది. తీసేసింది. ఉన్నవాటిలో పెద్దవి ఏరి, బుట్ట అడుగు కనబడకుండా పేర్చింది.

మళ్ళీ మొదటి ఇంటికి వెళ్ళింది. ఉడుత తొంగి చూసి, దోసెడు సారపప్పు తెచ్చి పోసింది. అది చూసి కోతి, వదిన ఇంత వేసిందా అంటూ అరటి గెలలో సగం విరిచాడు. అందరికంటే తక్కువైతే పరువేం కావాలని ఎలుగుబంటి సణుగుతూ ఇప్పపువ్వు తీశాడు. బుట్టలో చోటు లేక, దాన్ని మరో బుట్టకెత్తి తానే మోసుకొచ్చాడు.

గుట్ట చేరేసరికి పొద్దు వాలింది. ఏడ్చి ఏడ్చి కుందేలు పిల్లల గొంతులు ఆరిపోయాయి. తల్లి ఒక దుంప ఆత్రంగా కొరికి, మింగాక అడిగింది.

"మధ్యాహ్నమే వస్తానన్నావు కదా అక్కా. దారిలో ఎవరైనా ఆపారా?"

నూకాలు ఎలుగుబంటి వైపు చూసింది. ఎలుగుబంటి వాగు వైపు చూశాడు. ముగ్గురి సంగతీ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"దారిలో ఎవరూ ఆపలేదమ్మా. మా ఇంట్లో ఒక ముళ్ళపంది ఉంది. దుంపలన్నీ మూలన పెట్టుకుని, అందరినీ అడగడానికి వెళ్ళింది. అక్కడే పొద్దుపోయింది."

నీతి: పదిమందిని అడగబోయేవారు ముందు తమ వాటా బుట్టలో వేయాలి, ఖాళీ బుట్టను చూసి ఎవరి గుప్పిటా విప్పుకోదు.