గిన్నెలో నీళ్ళు

మధ్యాహ్నం రెండున్నరకు వీర్రాజు తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి, లోపలి రెండు థర్మామీటర్లనూ చూసి, పుస్తకంలో అంకెలు రాసుకున్నాడు. పరికరాలు తమంతట తామే కబురు పంపడం ఇంకా నేర్వని రోజులవి. అనంతపురానికి ఆవల, వేరుశనగ చేల నడుమ ఉన్న ఆ చిన్న వాతావరణ కేంద్రానికి అతడు కోనసీమ నుంచి వచ్చి నెల కాలేదు. అప్పుడే చొక్కా జేబులో బదిలీ అర్జీ ఉంది. దాని మీద హంపన్న సంతకం పడితే ఇంటికి వెళ్ళిపోవచ్చు.

హంపన్న పాతికేళ్ళుగా అక్కడ మబ్బునూ గాలినీ చూస్తున్నవాడు. కొత్తవాళ్ళకు పని నేర్పేది ఆయనే. ఎవరేం అడిగినా వెంటనే బదులు చెప్పే అలవాటు మాత్రం లేదు.

"మాస్టారూ, ఒక మాటండి," అన్నాడు వీర్రాజు వరండాలోకి వచ్చి. "మేం చదువుకున్న పుస్తకంలో భూమినంతా మండలాలుగా విడగొట్టారు. ఎడారులంటారు, ఏడాది పొడుగునా వాన కురిసే అడవులంటారు, మంచు కరగని నేలలంటారు. సూర్యుడు ఒక్కడేనాయె. మరి ఇవి విడిపోయే గీత ఎక్కడుందండీ? అది చెప్పి, ఈ కాయితం మీద సంతకం పెట్టెయ్యండి. ఎవడి మండలంలో వాడుండాలి కదండీ!"

హంపన్న కాయితం చూడలేదు. అంకెలు రాసిన పుస్తకం చూశాడు. పొడి థర్మామీటరు నలభై. తడి థర్మామీటరూ నలభై.

"రెండూ సమానంగా నిలిచినాయే!"

"ఆయ్. చూడగానే ప్రాణం లేచొచ్చిందండి. మావైపు ముసురు పట్టినప్పుడు అచ్చం ఇలాగే నిలబడతాయి." తడిసిన కొబ్బరిమట్టలు, దండెం మీద రెండ్రోజులైనా ఆరని పంచెలు, గోడల మీద నాచు అతడి కళ్ళలో మెదిలాయి.

"అంటే గాలిలో తేమ నూటికి నూరు. నలభై డిగ్రీల ఎండలో! ఈపాటికి మనిద్దరం ఉడికిన గుగ్గిళ్ళం కావల్సింది గదప్పా. నీ పెదాలు పగిలి నెత్తురొస్తాండాది. వాటినన్నా అడగకపోతివే!"

పెట్టె దగ్గరికి వెళ్ళి చూస్తే తడి థర్మామీటరుకు చుట్టిన గుడ్డ అప్పడంలా ఎండిపోయి ఉంది. దాని కొస మునిగి ఉండాల్సిన గిన్నెలో చుక్క నీరు లేదు. వీర్రాజు తల వంచుకున్నాడు. గిన్నె పని అతడి చేతికొచ్చింది ఆ రోజే; పొద్దున నింపిందే. వాళ్ళ ఊళ్ళో ఒకసారి నింపితే మూడు రోజులు అటు చూడనక్కర్లేదు.

హంపన్న కూజా తెప్పించి నీళ్ళు పోయించాడు. ఇద్దరూ ఎండలో నిలబడ్డారు. గుడ్డలోని తడి ఆరేకొద్దీ పాదరసం దిగింది. ముప్పై అయిదు. ముప్పై. ఇరవై మూడు దగ్గర ఆగింది.

"మీ ఊర్లో ఈ రెంటికీ ఎడమెంత?"

"ఎండాకాలంలో అయిదారు డిగ్రీలండి."

"ఈడ పదిహేడు. గీత ఎక్కడుందని అడిగితివి గదా." రెండు పాదరసాల నడుమ ఖాళీని వేలితో చూపించాడు. "వారం దినాలు ఆ గిన్నె ఎండనీకుండా సూడు. అప్పటికీ పోవాలంటే సంతకం చేస్తా."

వారమంతా వీర్రాజు గంటగంటకూ గిన్నె నింపుతూనే ఉన్నాడు. ఎనిమిదో రోజున, ఖాళీ ఉందా అని అతడు రాసిన ఉత్తరానికి జవాబుగా, కోనసీమ కేంద్రంలోని ముసలి బంట్రోతు గంగయ్య నుంచి కార్డు వచ్చింది. ఖాళీ ఉందని రాసి, కింద ఒక మాట చేర్చాడు: హంపన్నగారు కుర్రతనంలో మూడేళ్ళు ఇక్కడే పనిచేశారు. నిండుగా ఉన్న గిన్నెనే రోజుకు నాలుగుసార్లు నింపేవారు. నీళ్ళు పొర్లిపొర్లి పెట్టె అడుగు చెక్క కుళ్ళిపోతే మార్పించాం.

వీర్రాజు కార్డు పైకి చదివాడు. హంపన్న నవ్వి, అర్జీ అడిగి తీసుకుని సంతకం చేశాడు.

"ఆడికి పోయినాక గిన్నెలో నీళ్ళు సూసి పొయ్ నాయనా," అన్నాడు. "చెయ్యి అంత తొందరగా ఊరు మారదు."