పాత మూత

ఎండాకాలం దగ్గరపడుతుంటే ఓబులేసు గుండెల్లో గుబులు మొదలైంది.

కొండ మీది గూడేనికి వారం వారం మందులు చేరవేయడం ఆశ్రమంలో అతని పని. కిందటి వేసవిలో ఘాట్ రోడ్డు మధ్యలో పాత మోటారుసైకిలు ఇంజను వేడెక్కి పట్టేసింది. సంచి భుజానేసుకుని అతను పడుతూ లేస్తూ పైకి చేరేసరికి, జ్వరంతో ఉన్న పసివాడికి మూర్ఛ వచ్చింది. పిల్లవాడు బతికాడు. ఆ తల్లి ఏడుపు మాత్రం ఓబులేసు చెవుల్లోంచి పోలేదు.

ఈ ఏడు ఒక భక్తుడు కొత్త బండి ఇచ్చాడు. దానికి ఇంజను నూనె వేడిని చూపించే మీటరు పెట్టి తీరాలని ఓబులేసు పట్టుబట్టాడు. అతనిది ఉడుంపట్టు. షోరూంలో అడిగితే, బయటి సామాను ఏది బిగించినా ఇంజనుకు వారంటీ ఉండదు పొమ్మన్నారు. వారంటీ లేకుండా ఇంజను చెడితే బాగుచేయించే స్తోమత ఆశ్రమానికి లేదు. అయినా మనవాడు ఊరుకుంటేగా! వెతికి వెతికి ఒక దారి కనిపెట్టాడు.

"ఇది చూడండి స్వామీ," అని ఆశ్రమం పెద్ద పూర్ణబోధస్వామి ముందు మీటరు పెట్టాడు. స్వామికి డెబ్బై దాటాయి. "ఆయిల్ మూత తీసేసి దాని చోట దీన్ని బిగిస్తే చాలు. లోపల నూనె ఎంత కాగిందో ఈ ముల్లు చూపిస్తుంది. సర్వీసుకు వెళ్ళేముందు మళ్ళీ పాత మూత పెట్టేస్తాను. ఎవరికీ తెలీదు."

స్వామి మీటరును అటూ ఇటూ తిప్పి చూశారు. "మంచి వస్తువే. ఆ పాత మూత ఎక్కడైనా పారేసుకుంటావు, ఇటివ్వు," అని దాన్ని తన పైపంచె చెంగున ముడేసుకున్నారు. గురువుగారు ఒప్పుకున్నారని ఓబులేసు మురిసిపోయాడు.

మీటరు బాగానే పనిచేసింది. ముల్లు ఎర్రగీత వైపు జరిగితే ఏ మలుపులోనో నీడ చూసుకుని ఆగేవాడు. చల్లారాక బయల్దేరేవాడు. మండుటెండల్లో కూడా గూడేనికి మందులు ఒక్క వారం తప్పలేదు.

సర్వీసు రోజు వచ్చింది. మూత అడిగితే, "అక్కడ ఇస్తాలే, నేనూ వస్తాను పద," అని స్వామి బండెక్కి వెనక కూర్చున్నారు.

షోరూం ఇంకో వీధిలో ఉందనగా ఓబులేసు ఒక గోడ పక్కన ఆపాడు. "ఇక్కడ మార్చేద్దాం స్వామీ. ఇటువైపు ఎవరూ రారు."

స్వామి దిగి, ముడి విప్పి, మూతను అతని చేతిలో పెట్టారు. నాలుగడుగులు వేసి, గోడవైపు తిరిగి నిలబడ్డారు.

ఇంజను కాస్త చల్లారాక ఓబులేసు మీటరు మీద చెయ్యి వేసి, తిప్పబోతూ తల ఎత్తాడు. స్వామి ఇంకా అలాగే ఉన్నారు.

"అదేంటి స్వామీ, అటు తిరిగారు?"

"ఎవరూ చూడకూడని పని కదా," అన్నారు స్వామి. "కానియ్యి. అయ్యాక పిలువు."

ఓబులేసుకు సిగ్గు ముంచుకొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. ఇదంతా తన కోసమా? గూడెం కోసం కాదూ? మళ్ళీ మీటరు మీద చెయ్యి వేశాడు. స్వామి కదల్లేదు. రోజూ ఆ వీపు వెనకే కూర్చుని జపం చేసుకునే మనిషి, ఆ పూట దానివైపు చూడలేకపోయాడు.

"ఇటు తిరగండి స్వామీ," అన్నాడు చివరికి. "వెళ్దాం."

షోరూంలో ఓబులేసు మేనేజరు బల్ల మీద పాత మూత పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మేనేజరు తెల్లబోయాడు. "చెప్పకపోతే మాకు తెలిసేది కాదండీ. ఇప్పుడు ఇంజను వారంటీ తీసెయ్యక తప్పదు. పోనీ, మీటరు మానేస్తారా? ఈసారికి వదిలేస్తాను."

"మానను," అన్నాడు ఓబులేసు. "అది లేకుండా ఘాట్ ఎక్కను."

తిరిగి వస్తూ, కొండ కనిపించాక బండి పక్కకు తీసి ఆపాడు.

"రేపు దారిలో ఇంజను పోతే ఎలా స్వామీ?"

"నడుద్దాం," అన్నారు స్వామి. "మందులు నువ్వు మొయ్యి. నీళ్ళు నేను మోస్తాను."